నిండుకున్న సిలిండరు

నేను ఉద్యోగం మొదలుపెట్టిన చోట అగ్గిపెట్టె గేటు దగ్గరే ఆగిపోవాలి. ఒడిశాలో గంజాం ఊరి అంచున, రుషికుల్యా నది సముద్రంలో కలిసే వైపు, ఉప్పునీళ్లనుంచి రకరకాల రసాయనాలు తీసే ఫ్యాక్టరీ అది. అందులో హైడ్రోజన్‌ని నొక్కి సిలిండర్లకెక్కించే కంప్రెసరు ఒక షెడ్డులో ఉండేది. దాన్ని అందరం గ్యాస్ షెడ్డు అనేవాళ్లం. చుట్టూ నేలమీద పసుపు గీత. ఆ గీత దాటితే బీడీ లేదు, అగ్గిపెట్టె లేదు, మేకులున్న చెప్పులు లేవు, మామూలు టార్చిలైటు కూడా లేదు. పానాలు సైతం ఇత్తడివే, ఇనుము ఇనుముకి తగిలితే నిప్పురవ్వ లేస్తుందని. ఇవన్నీ కంపెనీ పెట్టిన నిషేధాలు. వీటికి తోడు, మా మావ దయవల్ల, ఆ గీత లోపలికి కొన్ని తెలుగు మాటలకి కూడా ప్రవేశం లేదు. నా ఉద్యోగం మీదికి వచ్చింది ఆ మాటలతోనే.

ముందు మా పనేమిటో చెప్పాలి. షెడ్డులో ఒక ఇనప బీరువా లాంటి ప్యానెల్ ఉండేది. తలుపు తీస్తే లోపల వరసగా మాడ్యూళ్లు. ఒక్కోటీ మా బరంపురం అప్పడమంత పచ్చటి పలక, దానిమీద ఆవాలూ జీలకర్రా చల్లినట్టు చిన్నచిన్న ముక్కలు. కంప్రెసరు ఎంత వేడెక్కింది, గ్యాసు ఎంత ఒత్తిడిలో ఉంది అని పగలూ రాత్రీ చూసుకుంటూ, తేడా వస్తే దాన్ని ఆపేసే బుర్రలు అవే. బుర్రల్లో కరెంటు ఉంటుంది, బయట గ్యాసు ఉండొచ్చు. ఈ రెండూ కలుసుకోకూడదు. అందుకని ఒక సిలిండరునుంచి నైట్రోజన్ సన్నగా బీరువాలోకి వదులుతూ ఉంటారు. లోపలి ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉంటే బయటి గ్యాసు లోపలికి దూరలేదు. ఆ ఒత్తిడి తగ్గిందా, బుర్ర కంప్రెసర్ని ఆపేసి తనూ పడుకుంటుంది.

నెలకోసారి మేం ఆ బీరువా తెరిచి బాగుచెయ్యాలి. పర్మిటు రాయించుకోవాలి, కరెంటు ఆపి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోవాలి, గ్యాసు మీటరుతో గాలి చూడాలి, చేతికి ఒక పట్టీ కట్టుకుని దాని తీగని భూమికి కలపాలి. అప్పుడుగాని మాడ్యూలు ముట్టుకోకూడదు. మన ఒంట్లో ఉండే కాస్త కరెంటు చాలు దాని ప్రాణం తియ్యడానికి. తర్వాత బ్రష్షుతో దుమ్ము దులిపి, స్క్రూలు బిగించి, తలుపు వేసి, పది నిమిషాలు నైట్రోజన్ పంపి, మళ్లీ కరెంటు ఇవ్వాలి. ఏటా పన్నెండుసార్లు ఇదే. ఇంత విసుగైన పని మీద కథలో ఇన్ని వాక్యాలు ఖర్చుపెట్టిన మొదటివాణ్ని నేనే అయ్యుంటాను.

ఈ పనికి పెద్ద టెక్నీషియన్ మా మావ. నాకు నిజం మావేమీ కాదు. ఇచ్ఛాపురం దగ్గర పల్లెనుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఆ షెడ్డులో పాతుకుపోయిన మనిషి. తెలుగువాళ్లకి మావ, ఒడియావాళ్లకి మామూ. అందర్నీ అల్లుళ్లనే పిలిచేవాడు. పట్టీ కట్టుకునే ముందు తాయెత్తులా కళ్లకద్దుకునేవాడు.

దీపం ఆరిపోయిందనకూడదు, కొండెక్కిందనాలి. బియ్యం అయిపోయాయనకూడదు, నిండుకున్నాయనాలి. వెళ్తాననకూడదు, వెళ్లొస్తాననాలి. ఇవి మనందరిళ్లలో ఉన్నవే. మావ వాటిని ప్యానెల్ దాకా తీసుకొచ్చాడు. ఆయన వాదన ఏమిటంటే, వంటింట్లో చెడ్డమాట అంటే మహా అయితే పాలు విరుగుతాయి, గ్యాస్ షెడ్డులో అంటే ఊరంతా లేచి కూర్చుంటుంది. అందుకని పేలడం, కాలడం, ఆరడం, పోవడం, అయిపోవడం అనే క్రియలన్నిటినీ పసుపు గీత అవతల బహిష్కరించాడు. ఫ్యూజు కాలితే ఫ్యూజు అలిగింది. వైరు తెగితే వైరు పుట్టింటికెళ్లింది. మాడ్యూలు పూర్తిగా చచ్చిపోతే కాశీకెళ్లింది.

చేరిన కొత్తలో ఒకసారి నేను లోపల నిలబడి, "మావా, ఈ బల్బు పోయింది" అన్నాను. మావ పని ఆపేశాడు. నా రెక్క పుచ్చుకుని గీత బయటికి తీసుకొచ్చి, కుళాయి దగ్గర మూడుసార్లు పుక్కిలింపించాడు. అంతటితో ఆగలేదు. గ్యాసు మీటరు నా నోటి దగ్గర పెట్టి చూశాడు. సున్నా చూపించాకే లోపలికి రానిచ్చాడు.

ఆయన మనసుకి నచ్చిన మాట మాత్రం ఒకటి ఒడియాలో ఉండేది. గేటు ఎదురుగా ఒకావిడ బరాలు అమ్మేది, మినప్పిండి గారెల్లాంటివి. మేం డ్యూటీ దిగి వెళ్లేసరికి తట్ట అడుగు కనిపిస్తూ ఉండేది. "సరిగలా, బాబు" అనేది ఆవిడ. అంటే అయిపోయాయని. నేను మొహం వేలాడేసి, అయిపోయాయట మావా అంటే ఆయన నన్నే కసిరేవాడు.

"ఆయమ్మ సరీ అంటంటే, నువ్వు అయిపోనాయంటావేటి? ఎంత సల్లటి మాటో సూడు. కడుపు నిండినట్టున్నాది."

ఖాళీ కడుపుతో, నిండిన మొహంతో బస్సెక్కేవాడు.

ఇప్పుడు నా సంగతి. నేను ఐటీఐ చదివి ప్రొబేషన్ మీద చేరాను. ఏడాది తిరిగేసరికి ఇంజనీరు సంతకం పెడితే పర్మినెంటు. పెట్టకపోతే మా అక్క అత్తవారి అప్పడాల వ్యాపారం బరంపురంలో నాకోసం కాచుకుని ఉంది. పిండి దంచడానికి నమ్మకమైన మనిషి దొరకడంలేదని మా బావ బాధ. ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి, కుశలం అడిగే నెపంతో నా జబ్బలు నొక్కి చూసేవాడు. సంతలో ఎద్దుని చూసినట్టు చూసేవాడు. "మంచి కండ ఉందిరా, ఆ ఫ్యాక్టరీలో బ్రష్షు పట్టుకుని వేస్టు చేస్తన్నావు" అనేవాడు. ఆ చూపునుంచి తప్పించుకోవడానికి నాకు పర్మినెంటు కావాలి. జీతం సంగతి తర్వాత.

ఇంజనీరు సంబల్‌పూర్ వైపునుంచి వచ్చినాయన. బరంపురం ఒడియావాళ్లయితే మన తెలుగులో సగం పట్టేస్తారు. ఈయనకి ఒక్క ముక్క రాదు. పైగా నామీద ఒక కన్నేసి ఉంచాడు. దానికి కారణం ఒక పీత. ఈ గొడవకి నాలుగు నెలల ముందు కేబుళ్లు వెళ్లే కాలవలో ఒక వైరు తెగింది. చూస్తే పక్కనే పీత. మావ ఇంగ్లీషు రాయడు కాబట్టి రిజిస్టరు నేనే రాయాలి. తెగిన వైరుని ఒక్క వాక్యంలో రాసి ఊరుకోవడం నా వల్ల కాలేదు. పీత నదినుంచి ఎలా బయల్దేరింది, సెక్యూరిటీ కంటపడకుండా ఏ దారిన వచ్చింది, అయిదు వైర్లలో సరిగ్గా ముఖ్యమైనదాన్నే ఎందుకు ఎంచుకుంది, పట్టుకోబోతే నా పానా లాక్కుని ఎంతసేపు ఇవ్వనంది, అన్నీ రాశాను. పీత నిజం. దాని సైజు మాత్రం నాది.

ఇంజనీరు రిజిస్టరు మూసి, చాలా నెమ్మదిగా చెప్పాడు. ఇకమీదట మామూ నోటితో ఏది చెప్తే అది, మాటకి మాట ఇంగ్లీషులోకి దించాలి. నా సొంతానిది ఒక్క అక్షరం కలిసినా పర్మినెంటు కాగితం చించి చేతికిస్తానన్నాడు.

ఏడాది నిండడానికి ఇక వారం ఉందనగా నెలవారీ పని వచ్చింది. అన్నీ పద్ధతి ప్రకారం చేశాం. తలుపు వేసి కరెంటు ఇచ్చాక రెండు లోపాలు కనిపించాయి. ప్యానెల్ బాగానే ఉందని చెప్పే పచ్చ దీపం వెలగలేదు, బల్బు మాడిపోయింది. ఇంకోటి, నైట్రోజన్‌కి రెండు సిలిండర్లుంటాయి, ఒకటి నడిచేది, రెండోది అది ఖాళీ అయితే వాడుకోడానికి. ఆ రెండోదాని మీటరు ముల్లు సున్నా దగ్గర పడుకుని ఉంది. ఎక్కడో సన్నగా కారి ఖాళీ అయిపోయింది.

మావ చేతులు తుడుచుకుంటూ, "రాసుకో అల్లుడా. దీపం కొండెక్కీసింది. రెండో సిలిండరు నిండుకున్నాది" అన్నాడు.

గీత బయటే నిలబడి ఉన్నాం కదా అని నేను ధైర్యం చేశాను. ఇంజనీరుకి అర్థంకాదు మావా, బల్బు ఫెయిలయింది, సిలిండరు ఖాళీ అని రాస్తానన్నాను.

"రిజిస్టరు ఎక్కడుంటాది?"

షెడ్డులోనే, ప్యానెల్ పక్క మేకుకి వేలాడుతుంది.

"మరింకేటి. ఫెయిలని రాసి దాని సెవి కాడ ఏలాడగడతావా? రేపొద్దున్న నిజంగా ఫెయిలైపోద్ది. నాను సెప్పింది సెప్పినట్టు రాయి."

ఒకాయన మాటకి మాట దించమన్నాడు. ఒకాయన చెప్పింది చెప్పినట్టు రాయమన్నాడు. ఇద్దరు పెద్దలూ ఒకే మాట మీద ఉన్నప్పుడు మధ్యలో నేనెవర్ని? "ది లాంప్ హేజ్ క్లైంబ్డ్ ది హిల్. ది సెకండ్ సిలిండర్ హేజ్ బికమ్ ఫుల్" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. రాస్తున్నప్పుడు నాకు కొంచెం నవ్వొచ్చిందన్న మాట దాచను. కానీ నా జన్మలో ఒక్క అక్షరం కల్పించకుండా రాసిన రిపోర్టు అదొక్కటే. ఇరుక్కున్నదీ దానితోనే.

మర్నాడు పొద్దున్న ఇంజనీరు ఆ రిజిస్టరు చదివాడు. రెండో వాక్యం ఆయనకి నచ్చింది. సిలిండరు నిండుగా ఉందిగదా అని స్టోర్సునుంచి తెప్పించే సరుకుల జాబితాలోంచి కొత్త సిలిండర్ని కొట్టేశాడు. మొదటి వాక్యం దగ్గర ఆగాడు. షెడ్డులో మాకు ఒక చేతిదీపం ఉండేది, దళసరి గాజుతో, గ్యాసున్నచోట కూడా వాడుకోదగ్గది, చాలా ఖరీదైనది. లాంప్ అంటే ఆయనకి అదే. దాన్ని ఎవరో కొండమీదికి చేరేశారని నిర్ణయించుకుని, మమ్మల్ని అడిగితే జాగ్రత్తపడతామేమోనని, అడక్కుండా సెక్యూరిటీ హవల్దారుని పిలిచాడు.

ఆ చేతిదీపం అప్పుడు మా అల్మారాలో గుడ్డ కప్పుకుని నిద్రపోతోంది.

ఊరవతల ఒక చిన్న కొండ, దానిమీద అమ్మవారి గుడి. హవల్దారు లావుపాటి మనిషి. అప్పట్లో ఆ కొండకి నూరు మెట్లుండేవనుకుంటాను. నేను ఈ సంగతి చెప్పినప్పుడల్లా కొన్ని పెరుగుతూ వచ్చి, ఈమధ్య మా మేనకోడలి పెళ్లిలో చెప్పినప్పటికి నాలుగువందల యాభై అయ్యాయి. ఎన్నయితేనేం, ఎండలో అన్నీ ఎక్కాడు. పూజారిని పట్టుకుని, ఫ్యాక్టరీనుంచి ఇక్కడికేమైనా దీపం వచ్చిందా అని అడిగాడు. దీపం ఎక్కడినుంచీ రాలేదు, మా తాతకాలంనుంచీ ఇక్కడే వెలుగుతోందన్నాడు పూజారి. హవల్దారు గర్భగుడి గడపమీదనుంచి తొంగిచూసి, కిందికొచ్చి, రిపోర్టు రాసిచ్చాడు. కొండమీద దీపమున్నమాట నిజం. కాని అది కంపెనీది కాదు, ఇత్తడిది. దానికి గాజు లేదు. మంట బయటే ఉంది. పర్మిటు అడిగితే పూజారి కొబ్బరిచిప్ప ఇచ్చాడు.

ఈ రిపోర్టు సంగతి మాకు తెలియదు. మూడో రోజు మధ్యాహ్నం దాకా మేం సుఖంగానే ఉన్నాం.

ఆ మధ్యాహ్నం నడిచే సిలిండరు ఖాళీ అయింది. ఆపరేటరు మీటరు చూడకుండా రిజిస్టరు చూసి, రెండోది నిండుగా ఉందని ధీమాగా దాని వాల్వు తిప్పాడు. అందులో ఏముంది? బీరువాలో ఒత్తిడి జారిపోయింది. మా బుర్ర తన డ్యూటీ తను చేసింది. కంప్రెసర్ని ఆపేసి, సైరను కూయించి, పడుకుంది. ప్రమాదమేమీ లేదు, ప్రమాదం రాకూడదనే అలా పడుకుంటుంది. కాని కంప్రెసరు ఆగితే వెనకాల మూడు విభాగాలు ఆగుతాయి. రెండొందలమంది బయటికొచ్చి ఉప్పు కుప్ప పక్కన వరసగా నిలబడ్డాం. తలలు లెక్కపెట్టారు. మావ చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది. నా కళ్లముందు మాత్రం రోకలి లేస్తోంది, పడుతోంది. మా బావ మొహం పక్కన వెలుగుతోంది.

గ్యాసు మీటరుతో చూసి భయమేమీ లేదనుకున్నాక ఇంజనీరు మమ్మల్నిద్దర్నీ సిలిండర్ల దగ్గరికి పిలిపించాడు. ఒక చేతిలో రిజిస్టరు, ఇంకో చేతిలో మడిచిన కాగితం. అది నా పర్మినెంటు కాగితమని దాని రంగునుబట్టే తెలిసింది. వెనకాల హవల్దారు, కాళ్లు పట్టేసి గోడకానుకుని ఉన్నాడు.

ముందు పీత, ఇప్పుడు కొండా అన్నాడు ఇంజనీరు. వీడికి కథల పిచ్చి తగ్గలేదన్నాడు. నేను పీత మీద ఒట్టేసి, అవి నా మాటలు కావు, మామూ చెప్పినవే అన్నాను. అయితే మామూనే అడుగుతానన్నాడు. చిక్కంతా అక్కడే. ఎందుకంటే ఆఫీసర్ల ముందు మావ నోట్లోంచి "ఆగ్యా" తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. ఒడియాలో అది మన చిత్తం లాంటిది. పైగా నిలబడ్డది సరిగ్గా పసుపు గీత లోపల.

ఇంజనీరు సిలిండరు మీద చెయ్యివేసి, నిండుగా ఉందా అని అడిగాడు. "భర్తి?"

"ఆగ్యా" అన్నాడు మావ.

"ఖాలి?"

"ఆగ్యా."

ఇంజనీరు ఇత్తడి పానా తీసుకుని సిలిండర్ని తట్టాడు. గుడిగంటలా ఖంగుమంది. అంత స్పష్టంగా ఖాళీ అని అది కూడా చెప్పింది, మావ చెప్పలేదు. నేను తెలుగులో బతిమాలాను. మావా, ఈ ఒక్కసారికీ ఆ మాట అను, నా ఉద్యోగం నీ నోట్లో ఉంది అన్నాను. మావకి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనంటే ఆయనకి ప్రాణమే. నోరు తెరిచాడు. కంప్రెసరు వైపు చూశాడు. మళ్లీ మూసుకున్నాడు.

"నా వల్ల కాదల్లుడా. రెండొందలమంది ఉన్నారు లోపల" అన్నాడు.

వాళ్లంతా ఉప్పు కుప్ప దగ్గరున్నారని చెప్పినా లాభం లేకపోయింది.

ఇంజనీరు కాగితం మడత విప్పాడు. చించడానికి మధ్యలో పట్టుకున్నాడు. ఆ క్షణంలో నాకు దేవుడు గుర్తుకు రాలేదు, బరాలు గుర్తొచ్చాయి. ఏ సంబంధమూ లేకుండా ఆకలేసింది. ఇప్పుడు గేటు దగ్గర తట్ట నిండుగా ఉంటుంది, మేం వెళ్లేసరికి అడుగు కనిపిస్తుంది అనుకున్నాను. అనుకోగానే కేకేశాను.

"మావా, ఈ సిలిండర్ని బరాల తట్ట అనుకో. ఆయమ్మ ఏటంటాది?"

మావ మొహం విచ్చుకుంది. ఇరవై ఏళ్లలో ఆఫీసరు ముందు మొదటిసారి గొంతెత్తి, పెళ్లిలో అక్షింతలు వేస్తున్నంత శుభంగా పలికాడు.

"సరిగలా, ఆగ్యా. సిలిండర్ సరిగలా. బత్తి బి సరిగలా."

అంటే సిలిండరూ అయిపోయింది, బల్బూ అయిపోయింది. ఇంజనీరు చేతిలో కాగితం అలాగే ఆగింది. ఈ మాట ఆరోజే ఎందుకు చెప్పలేదని అడిగాడు. నేను చెప్పాను: దీపం కొండెక్కడం, బియ్యం నిండుకోవడం, మా ఇళ్లలో చెడుని నోటితో పలకకపోవడం, ఆయన మాటకి మాట దించమనడం. హవల్దారుకి తెలుగు వచ్చు. గోడకానుకునే ఉన్నవాడు నెమ్మదిగా నేలమీదికి జారి కూర్చుని, ఆ కొండా, అని ఒడియాలో గొణిగాడు. తన కాళ్లవైపు చాలాసేపు చూసుకున్నాడు.

ఇంజనీరు నవ్వలేదు. నవ్వితే బాగుండేది. రిజిస్టరులోని నా రెండు వాక్యాలూ మళ్లీ చదువుకున్నాడు. తర్వాత కొత్త సిలిండరు తెప్పించి, పది నిమిషాలు నైట్రోజన్ పంపించి, కంప్రెసరు ఆడేదాకా అక్కడే నిలబడ్డాడు. వెళ్తూ, ఇకనుంచి రిజిస్టరు తనే రాస్తానని, మామూ తనకి ఒడియాలో చెప్పాలని, నేను పక్కన నిలబడి నోరు మూసుకోవాలని హుకుం వేశాడు. కాగితం సంగతి ఎత్తలేదు. జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం మా బావ రోకలికి కొత్త పొన్ను వేయించానని చెప్పిపోయాడు. నా చేతి కొలత కూడా తీసుకున్నాడు.

సోమవారం పొద్దున్నే ఆఫీసు గుమాస్తా కబురుపెట్టాడు. మా బరంపురం తెలుగాయనే. ఎదురుగా నా కాగితం. ఇంజనీరు సంతకం ఉంది, కాని రిమార్కుల గడిలో పర్మినెంటు చెయ్యమనీ లేదు, వద్దనీ లేదు. ఒకే ఒక ఇంగ్లీషు వాక్యం ఉంది. "హిజ్ ప్రొబేషన్ హేజ్ బికమ్ ఫుల్."

ఇంకే ఊరి గుమాస్తా అయినా దాన్ని అర్థంకాలేదని వెనక్కి పంపేవాడు. ఈయన ఒకసారి చదివాడు. కళ్లజోడు పైకెత్తి నన్ను చూశాడు.

"నిండుకున్నాదేటి?" అన్నాడు.

"ఆగ్యా" అన్నాను.

పర్మినెంటని ముద్ర కొట్టి ఇచ్చేశాడు.